ఉభయవైద్యము

మన తెలుగు గృహములలో వ్యాధి ప్రవేశించినతోడనే రెండు మందులు ప్రవేశించుట పరిపాటి. వీథిగుమ్మమున డాక్టరుగారి చీటియు, దానివెంట మాత్రలును వచ్చును. పెరటిగుమ్మమున పసరును, కషాయమును, భస్మపు పొట్లమును, పొరుగూరివారెవరో చెప్పిన వేరుముక్కయు వచ్చును. ఈ రెండును ఒకే రోగి కడుపులో కలిసికొనును గాని, వీనిని ఇచ్చినవారు మాత్రము ఎన్నడును ఒకరినొకరు కలిసికొనరు. డాక్టరునకు కషాయము సంగతి తెలియదు. కషాయమిచ్చినవానికి మాత్రల పేళ్ళు తెలియవు. రెండును తెలిసిన యింటివారు రెండుచోట్లను మౌనము వహింతురు. ఈ మౌనమే నేటి మా విమర్శకు విషయము.

ఇంగ్లీషువైద్యము గొప్పదా, దేశీయవైద్యము గొప్పదా యను తగవు నూరేండ్లకు పైబడినది. ఆ తగవులో మరల తీర్పరులమై కూర్చుండవలెనని మా యుద్దేశము కాదు. ఆ వాదమున ఇరుపక్షములవారును రోగి యేదో యొక వైద్యమునే ఆశ్రయించునట్లు మాటలాడుదురు. లోకములో జరుగుచున్నది అది కాదు. చక్కెరవ్యాధి గలవారు ఉదయము డాక్టరిచ్చిన మాత్ర వేసికొని, దానిమీద కాకరకాయరసము త్రాగుచున్నారు. కీళ్ళనొప్పులవారు పగలు ఆసుపత్రిమందు మ్రింగి, రాత్రి గుగ్గులుమాత్ర వేసికొనుచున్నారు. పుండుపడినవారు సూదిమందు పొడిపించుకొని వచ్చి, ఆ కట్టు విప్పి ఆకుపసరు పిండించుకొనుచున్నారు. ఆచరణయందున్నదానిని సిద్ధాంతమందు లేనట్లు నటించుట విద్యావంతులకు తగదు. ఉన్నదానిని ఉన్నట్లు చూచి, అందులో ఏది క్షేమమో ఏది ప్రమాదమో విడదీయుటయే మన పని.

మొదట మాటలను సవరించుకొందము. ప్రత్యామ్నాయవైద్యమనగా ఒకదానికి బదులుగా మరియొకటి చేయుట. పూరకవైద్యమనగా ఒకదానికి తోడుగా మరియొకటి చేయుట. బదులు, తోడు అను ఈ రెండు చిన్న తెలుగుమాటల నడుమనున్న దూరము కొన్ని వ్యాధులయందు బ్రదుకునకును చావునకును నడుమనున్న దూరము. మన ప్రకటనకర్తలు ఈ రెంటిని బుద్ధిపూర్వకముగ కలిపివేయుదురు. ఇంగ్లీషుమందులతోబాటు వాడుకొనవచ్చునని మొదటినెలలో చెప్పినవాడే, రెండవనెలలో ఇక ఆ మాత్రలేల యని యడుగును. తోడుగా వచ్చినది మెల్లమెల్లగ బదులుగా కూర్చుండును.

ఇది మా యూహ మాత్రమే కాదు. 2018వ సంవత్సరమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక పరిశీలనమును ప్రకటించిరి. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దప్రేగు మొదలగు అవయవములలో పుట్టి, ఇంకను దేహమంతట వ్యాపింపని పుట్టకురుపు గలవారిని వారు రెండు జట్లుగా పోల్చిచూచిరి. ఆసుపత్రి చికిత్సతోబాటు పూరకవైద్యమును గూడ చేయించుకొన్నవారు 258 మంది. ఆసుపత్రి చికిత్స మాత్రమే చేయించుకొన్నవారు 1,032 మంది. మొదటి జట్టువారికి మరణభయము రెండవ జట్టువారికంటె సుమారు రెండురెట్లుగా కనబడెను. ఇంతవరకు విన్నవారు మూలికలే చంపినవని తలంచెదరు. కాని పరిశీలకులు మరియొక అడుగు ముందుకు వేసిరి. మొదటి జట్టులో కీమోథెరపీని నిరాకరించినవారు నూటికి 34.1 మంది; రెండవ జట్టులో 3.2 మంది. రేడియేషనును నిరాకరించినవారు మొదటి జట్టులో నూటికి 53 మంది; రెండవ జట్టులో 2.3 మంది. ఈ నిరాకరణమును లెక్కలోనికి తీసికొని చూడగా, రెండు జట్ల నడుమ మరణభేదము నిలువలేదు.

ఈ లెక్కను మన పాఠకులు నిదానముగ ఆలోచింపవలెను. అచ్చట రోగులను ముంచినది తోడుగా తీసికొన్నది కాదు. దాని నీడలో మానివేసినది. పూరకవైద్యమను పేరు పెట్టుకొని సగము చికిత్సను వదలుకొన్నవారే దానికి మూల్యము చెల్లించుకొనిరి. అదే పరిశోధకవర్గమువారు ప్రకటించిన మరియొక పరిశీలనములో, ఆసుపత్రి చికిత్సను పూర్తిగ విడిచి ప్రత్యామ్నాయవైద్యమునే నమ్ముకొన్న 281 మందికి మరణభయము రెండున్నర రెట్లుగ నుండెను. కావున ఉభయవైద్యమును గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న ‘ఈ మూలిక మంచిదా?’ యనునది కాదు. ‘దీనిని పట్టుకొని నీవు దేనిని విడిచితివి?’ యనునది.

ఇక జనుల నమ్మకము ఎట్లు పుట్టుచున్నదో విచారింతము. నమ్మినవారిని మూఢులని తిట్టుట సులభము. ఆ తిట్టువలన ఒక్కరును మారరు. ప్రతి నమ్మకమునకును ఒక అనుభవము పునాదిగ నుండును. ఆ యనుభవము అబద్ధము కాదు, దానినుండి తీసిన సిద్ధాంతమే అబద్ధము.

పచ్చకామెర్లను తీసికొందము. పసరు త్రాగించుటకు పేరుపడిన యూళ్ళు తెలుగునాట ఎన్నియో గలవు. త్రాగినవారిలో పెక్కుమందికి కొన్ని వారములలో కన్నుల పసుపు విరిగి ఆకలి పుట్టుచున్నది. ఇది నిజమే. కాని మురికినీటివలన వచ్చు కామెర్లు పెక్కుమందికి విశ్రాంతితోను మంచి ఆహారముతోను తమంతట తామే తగ్గును. పసరు త్రాగినను తగ్గును, త్రాగకున్నను తగ్గును. తగ్గినవారు పసరు మహిమను ఊరూర చెప్పుదురు. తగ్గనివారు చెప్పుటకు మిగులరు. మిగిలినను అది తమ గ్రహచారమందురు. కామెర్లన్నియు ఒకటి కాదు. పిత్తనాళమున రాయి యడ్డుపడినను కన్నులు పచ్చబడును. లోపల పుట్టకురుపు పుట్టినను పచ్చబడును. ఇ రకపు వైరసువలన వచ్చు కామెర్లు గర్భవతికి ప్రాణాంతకములు కాగలవు. పసరు వీనిలో దేనికి, దేనికి కాదు అని చెప్పగలవాడెవడు? ముఖము చూచి మందు పోయువానికి రక్తపరీక్ష లేదు. ఇక పసికందు ఒంటికి కాల్చిన కడ్డీతో వాతలు పెట్టుటను వైద్యమనుట మానవత్వమునకే అవమానము.

పిచ్చికుక్క కాటునకు ఆకుమందు ఇచ్చువారి కీర్తియు ఇట్టిదే. కరచిన కుక్కలన్నియు పిచ్చివి కావు. పిచ్చికుక్క కరచినవారందరికిని ఆ వ్యాధి సోకదు. కావున పదిమందికి ఆకుమందు పోసినచో, పెక్కుమంది ఏమియు పోయకున్నను బ్రదుకవలసినవారే. ఆ బ్రదుకులు ఆకుమందు ఖాతాలో జమపడును. కాని నిజముగ విషము సోకిన ఆ యొక్క బిడ్డకు లక్షణములు బయటపడిన తరువాత భూమిమీద మందు లేదు. గాయమును వెంటనే సబ్బునీటితో పావుగంటసేపు కడిగి, ఆలస్యము లేక టీకా వేయించినచో ఆ బిడ్డ బ్రదుకును. ఇట్టిచోట తోడు అను మాటకైనను తావు లేదు. ఆకుమందుకై పోయిన దినము టీకానుండి దొంగిలించిన దినము.

అట్లయిన మూలికలలో సారము లేదా? ఉన్నదో లేదో తెలిసికొను మార్గమొకటి యున్నది గాని, ఆ మార్గమున నడచుటకు మనకు ఓపిక లేదు. నేలయుసిరి కథ వినుడు. కామెర్లకు మన వారు తరతరములుగ వాడుచున్న మొక్క అది. 1988వ సంవత్సరమున మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరసు రక్తములో నిలిచియున్న 37 మందికి ఆ మొక్క పొడిని, 23 మందికి గుణములేని ఉత్తపొడిని ఇచ్చి చూచిరి. మొదటి వర్గములో 22 మందికి వైరసు గుర్తు మాయమైనదనియు, రెండవవర్గములో ఒక్కరికే అట్లయినదనియు ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిరి. దేశమంతయు సంతసించినది. కాని పిమ్మట ఇతరస్థలములలో జరిగిన పరీక్షలలో ఆ ఫలితము మరల కనబడలేదు. ఈ కథలో మొదటి భాగమును మాత్రమే చెప్పువారు మూలిక భక్తులు. రెండవ భాగమును మాత్రమే చెప్పువారు మూలిక ద్వేషులు. రెండును చెప్పువాడే విమర్శకుడు.

పరీక్షకు నిలిచిన మూలికలును గలవు. సర్పగంధవేరు మన దేశమున ఉన్మాదమునకు వాడుకలోనుండెను. 1931లో గణనాథసేనుడును కార్తికచంద్ర వసువును దానిని గూర్చి వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అది రక్తపోటును తగ్గించునని రోగులయందు పరీక్షించి, ఇంగ్లండు హృద్రోగపత్రికలో ప్రకటించిరి. 1952లో దానినుండి రెసర్పిన్ అను ద్రవ్యము వేరుచేయబడెను. చీనాదేశమున తు యుయు అను విదుషి పురాతనగ్రంథమునందలి సూచనను పట్టుకొని, ఒక మూలికను వేడినీట కాచక చల్లగ సారము తీసి, మలేరియాకు ఆర్టెమిసినిన్ అను మందును సాధించి, 2015లో నోబెల్ బహుమానము నందెను. పరీక్షకు నిలిచినపిమ్మట ఆ మందులను ఎవ్వరును ప్రత్యామ్నాయవైద్యమనలేదు. మందు అనియే అనిరి. అట్లే, మందు గుణముతోబాటు దాని దోషమును గూడ కనుగొనిరి. రెసర్పిన్ కొందరి మనస్సును కుంగదీయునని తెలిసినతోడనే దాని వాడుకను తగ్గించిరి. గుణదోషములు రెండును వ్రాయబడిన మందునే మనము నమ్మవలెను.

దోషము మాట వచ్చినది గావున, మన యిండ్లలో నెక్కువగ వినబడు ఒక వాక్యమును విమర్శింపవలసియున్నది. ‘ఇది ఆకే గదా, హాని యేమి చేయును?’ అనునదియే ఆ వాక్యము. గన్నేరుపప్పును ఉమ్మెత్తగింజయు ఎరిగిన పల్లెటూరివాడు ఈ మాట అనడు; పట్టణమున చదువుకొన్నవారే అనుచున్నారు. ఔషధమైనను యుక్తి తప్పినచో విషమగునను హెచ్చరిక చరకసంహితయందే గలదు. ఆయుర్వేదమునకు దుష్ఫలితములు లేవనుట ఆయుర్వేదము చెప్పిన మాట కాదు, దానిని అమ్ముకొనువారు చెప్పిన మాట.

నిదర్శనములు కావలెనా? బెల్జియమునందు బరువు తగ్గుటకై ఒక చికిత్సాలయమున మూలికలు వాడిన స్త్రీలకు మూత్రపిండములు చెడిపోయినవని 1993లో తెలియవచ్చినది. ఒక మూలికకు బదులుగ ఈశ్వరిజాతికి చెందిన మరియొక మూలిక ఆ పొడిలో పడుటయే దానికి కారణము. వారిలో కొందరికి పిమ్మట మూత్రమార్గమున పుట్టకురుపులును పుట్టినవి. 2004లో అమెరికాలోని బాస్టన్ నగరపు అంగళ్ళలో దక్షిణాసియానుండి వచ్చి అమ్ముడగుచున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా, 14 మందులలో సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటియైనను కనబడెను. 2020వ సంవత్సరాంతమున, కోవిడుభయముతో తిప్పతీగను విరివిగ వాడుచున్న దినములలో, బొంబాయి వైద్యులు కాలేయము చెడిన ఆరుగురు రోగులను చూచి, ఆ మూలికయే కారణమై యుండునని వ్రాసిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయమును అంగీకరింపలేదు. ఆ వివాదము ఎట్లున్నను, తిప్పతీగ వాడుచున్న సంగతి వైద్యునికి చెప్పనిచో కాలేయము చెడిన కారణమే తెలియకపోవునను విషయమున వివాదము లేదు.

తోడుగా తీసికొన్నప్పుడు మరియొక చిక్కు గలదు. రెండు మందులు విడివిడిగ మంచివైనను, కలిసినప్పుడు మంచివి కాకపోవచ్చును. కాకరయు మెంతులును రక్తములోని చక్కెరను కొంత తగ్గించును. చక్కెరమాత్రతో కలిసినచో అది మితిమీరి తగ్గి రోగి సొమ్మసిల్లవచ్చును. అతిమధురము ఎక్కువ దినములు వాడినచో రక్తపోటు పెరుగును, పొటాసియము తగ్గును. నీరు దిగుటకు మాత్రలు వాడుచున్న హృద్రోగికి ఇది ప్రమాదము. గుగ్గులు కొన్ని రక్తపోటుమందులను రక్తమున చేరనీయక తగ్గించును. మిరియములలోని పైపరిన్ అను ద్రవ్యము మూర్ఛకిచ్చు ఫెనిటోయిన్ మందును రక్తమున హెచ్చించును. చారులో వేసిన నాలుగు మిరియములనుగూర్చి భయపడనక్కరలేదు. మోతాదుగ కూర్చిన చూర్ణముల సంగతి వేరు. ఈ కలయికలను వైద్యుడు సరిచూడగలడు. కాని ఎప్పుడు? చెప్పినప్పుడు గదా!

మరి యేల చెప్పరు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమును రోగినుండి మాత్రమే కోరుట న్యాయము కాదు. 1993లో అమెరికాలో ప్రకటింపబడిన ఐసెన్‌బర్గ్ పరిశీలనములో, ముగ్గురిలో నొకరు ఇట్టి చికిత్సలు వాడుచున్నారనియు, వాడినవారిలో నూటికి 72 మంది ఆ సంగతి తమ వైద్యునితో చెప్పలేదనియు తేలెను. ధనమును, విద్యయు గల ఆ దేశముననే ఇట్లుండగా, మన ఆసుపత్రులలో వరుసలో నిలిచి రెండు నిమిషములు మాత్రము డాక్టరు ముఖము చూడగల్గిన పేదరాలు ఏమి చెప్పగలదు? చెప్పినవారికి దక్కునదేమి? ‘ఎవరు త్రాగమన్నారు? చదువులేని జనము!’ అను గద్దింపు. ఒకసారి గద్దింపు తిన్నవారు రెండవసారి నోరు విప్పరు. వైద్యుని కోపము మూలికను మానిపింపదు, దాని వార్తను మాత్రమే మానిపించును.

మరియొక కారణము భాషలోనే యున్నది. డాక్టరు ‘వేరే మందులేమైన వాడుచున్నారా?’ యని యడుగును. రోగి లేదనును. అతడు అబద్ధమాడలేదు. అతని నిఘంటువులో కషాయము మందు కాదు, ఇంటివాడుక. చూర్ణము మందు కాదు, పథ్యము. స్వాములవారిచ్చిన పొట్లము మందు కాదు; ప్రసాదము. కావున వైద్యుడు ‘ఉదయము లేచినది మొదలు ఏమేమి త్రాగుచున్నావు? ఏ పొడి తినుచున్నావు? ఒంటికేమి రాచుకొనుచున్నావు?’ అని యడుగవలెను. కోపము లేక అడిగినచో చెప్పని రోగి అరుదు. మన వైద్యకళాశాలలు రోగిని ఈ తెలుగులో ప్రశ్నించు విద్యను నేర్పినచో ఎన్నియో కాలేయములు నిలుచును.

ప్రసాదమను మాటను మరికొంత విమర్శింపవలెను. హైదరాబాదులో మృగశిరకార్తెనాడు ఉబ్బసమునకు కొఱ్ఱమీనుపిల్లతో మ్రింగించునది తొల్లి చేపమందు; ఇప్పుడది చేపప్రసాదమని పిలువబడుచున్నది. మందు అన్నచో పరీక్ష యడుగుదురు. ప్రసాదమన్నచో చెంపలు వేసికొందురు. పేరు మారినంతమాత్రమున ఉబ్బసము మారదు; పీల్చుకొను మందును ఆనాటినుండి అటకెక్కించినవాడు నాలుగునాళ్ళకు ఆయాసముతో ఆసుపత్రికి పరువెత్తవలసివచ్చును. 2021వ సంవత్సరము మేనెలలో నెల్లూరుజిల్లా కృష్ణపట్నమున కోవిడుమందుకై వేలకొలది జనులు గుమిగూడిరి. ప్రభుత్వము దానిని మొదట నిలిపి, పిమ్మట కంటిచుక్కలు తప్ప తక్కినవానిని అనుమతించెను. డాక్టర్లిచ్చిన మందులను మానరాదనియు చెప్పెను. ఆ యనుమతికి అర్థము హాని కనబడలేదనియే గాని, మేలు కనబడినదని కాదు. హాని లేదనుటకును మేలు గలదనుటకును నడుమ ఎంతటి అగాధమున్నదో పత్రికలు జనులకు చెప్పవలసియుండెను. పెక్కు పత్రికలు వరుసల ఛాయాచిత్రములు వేసి ఊరకొన్నవి.

ఇట్లనుటవలన మేము దేశీయవైద్యద్వేషులమని యెవ్వరును తలంపకుందురు గాక. మన తెలుగువారిలో ఉభయవైద్యములను ఉదారబుద్ధితో చూచిన మహనీయులు గలరు. ఆచంట లక్ష్మీపతిగారు పాశ్చాత్యవైద్యమున పట్టమునొంది, పిదప దీవి గోపాలాచార్యులవారి యొద్ద ఆయుర్వేదము నభ్యసించి, మద్రాసు ఆయుర్వేదకళాశాలకు అధ్యక్షులైరి. ఆ కాలముననే, 1921లో, మద్రాసు ప్రభుత్వము ఉస్మాన్ అధ్యక్షతను దేశీయవైద్యముల విచారణసంఘమును నియమించెను. 1923లో ఆ సంఘము నివేదిక యొసగెను. 1925లో జి. శ్రీనివాసమూర్తిగారు ప్రధానాచార్యులుగ దేశీయవైద్యపాఠశాల వెలసెను. అచ్చట విద్యార్థులు రెండు శాస్త్రములను చదువవలసియుండెను.

ఆ లక్ష్మీపతిగారి కళాశాలలోనే యెల్లాప్రగడ సుబ్బారావుగారు కొంతకాలము ఉపాధ్యాయుడుగ నుండిరి. 1921లో వారి సోదరులిద్దరు సంగ్రహణివ్యాధిచే స్వల్పవ్యవధిలో గతించిరనియు, తమకును ఆ వ్యాధి సోకగా లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే స్వస్థత చేకూరెననియు వారి జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. తనకు నయమైనది గదాయని ఆయన అచ్చటనే ఆగిపోలేదు. ఎందువలన నయమగును, ఏ ద్రవ్యమువలన నయమగును అని తెలిసికొనగోరి అమెరికా చేరిరి. 1945 నాటికి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ చేయగల్గిరి. సంగ్రహణిరోగుల రక్తహీనతకు అది మందయ్యెను. దానికి ప్రతికూలముగ పనిచేయు ద్రవ్యములు అచ్చటనే పుట్టి, పిల్లల రక్తపుపుట్టకురుపునకు మొదటి ఉపశమనము నొసగెను. ఆ జాతిలోనిదే నేటి మెథోట్రెక్సేట్.

ఈ మెథోట్రెక్సేట్ నేడు కీళ్ళవాతపురోగులకు వారమున కొకమారు ఇచ్చు మందు. దానివలన కలుగు బాధ తగ్గుటకు ఫోలిక్ ఆమ్లపుమాత్రయు వ్రాయుదురు. ఒక్క చీటిమీద ఆ తెలుగువాని కృషి రెండు వరుసలుగ నుండునన్నమాట. ఈ మందు వాడువారికి కాలేయమును రక్తమును అప్పుడప్పుడు పరీక్షింపవలెను. అట్టి రోగి రహస్యముగ పేరులేని పొట్లపుమందు వాడుచు, కాలేయము చెడినప్పుడు నిందను మెథోట్రెక్సేట్ మీద వేసి దానిని మానివేసినచో, కీళ్ళు వంకరలు పోవును. పేరులేని పొట్లములలో కొన్నిటియందు స్టెరాయిడులు కలిపియుండుటయు తెలిసిన విషయమే. నొప్పి వెంటనే తగ్గినదని రోగి వైద్యుని పొగడును. ఎముకలు గుల్లలగుచున్న సంగతి నెమ్మదిగ తెలియును.

ఉభయవైద్యమున మెచ్చదగినది లేదా? కలదు. యోగాభ్యాసము నడుమునొప్పిని కొంత తగ్గించునని పరీక్షలు చెప్పుచున్నవి. అల్లము వికారమును అణచును. కఠినచికిత్స పొందుచున్నవారికి మర్దనము, ధ్యానము, సంగీతము మనస్సునకు ఊరట నిచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. మంచి ఆయుర్వేదవైద్యుడు రోగియొద్ద అరగంట కూర్చుండును. నిద్రను గూర్చి, ఆకలిని గూర్చి, మనోవ్యాకులమును గూర్చి యడుగును. ఏమి తినవలెనో చెప్పును. రోగులు ఆయనయొద్దకు పోవుట మూలికకొఱకే యని తలంచుట పొరపాటు. తమ మాట వినువానికొఱకు పోవుచున్నారు. ఈ గుణమును ఆసుపత్రివైద్యులు అలవరచుకొన్నచో పెరటిగుమ్మము త్రొక్కిడి సగము తగ్గును.

తుదకు గృహములలో ఈ రెండు మందుల భారమును మోయుచున్నదెవరో చూడుడు. గర్భవతియగు కోడలికి డాక్టరు ఇనుపమాత్రలు వ్రాయును. వేడిచేయునని అత్తగారు మాన్పించును. బాలెంతకు దాహమైనచో నీళ్ళియ్యరు. కాయము మాత్రము తినిపింతురు. రొమ్ములో గడ్డను కనుగొన్న ఇల్లాలు సిగ్గుచే చెప్పదు. చెప్పినప్పుడు ముందుగ లేపము పట్టింతురు. లేపముతో ఆరునెలలు గడచును. ఈ నిర్ణయములలో దేనియందును ఆమెను సంప్రతించినవారు లేరు. దేహము ఆమెది, నిర్ణయము పెద్దలది, ఫలితము మరల ఆమెది. స్త్రీవిద్యకై పాటుపడిన దేశమున చదువుకొన్న స్త్రీ సైతము తన చీటిని తాను చదువుకొనక, తన కడుపులోనికి పోవుచున్నదేమో అడుగక యుండుట ఎంత విచారకరము! స్వదేహమునుగూర్చిన జ్ఞానము లేని విద్య అలంకారము మాత్రమే.

కావున మేము పాఠకులను కోరునది స్వల్పము. పిచ్చికుక్క కాటు, పాము కాటు, గుండెనొప్పి, పక్షవాతము, మూర్ఛ, తగ్గని గడ్డ అనువానియందు ముందుగ ఆసుపత్రికే పోవలెను. పక్షవాతమున రక్తపుగడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపల పడవలెను. పసరుకై పోయి వచ్చువరకు ఆ గడియ ఆగదు. దీర్ఘవ్యాధులయందు తోడుమందు వాడదలచినచో, ఒక్కొక్కటిగ వాడుడు. పేరును, చేసినవారి చిరునామాయు లేని పొట్లమును తాకకుడు. శస్త్రచికిత్సకు ముందును, గర్భముతోనున్నప్పుడును తప్పక తెలుపుడు. చక్కెరవ్యాధిని, పుట్టకురుపును మాన్పెదమను ప్రకటనలను 1954నాటి చట్టమే నిషేధించినదని జ్ఞప్తియందుంచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగ, ఇంట నొక చిన్న పుస్తకము పెట్టి, రోగి మ్రింగుచున్న ప్రతిదానిని, మాత్రయైనను కషాయమైనను, అందు వ్రాయుడు. ఆ పుస్తకమును డాక్టరునకును చూపుడు, ఆయుర్వేదవైద్యునకును చూపుడు. చూచి కోపగించు వైద్యుని మార్చుకొనుడు. చూపవద్దను వైద్యుని విడిచిపెట్టుడు.

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మన పెద్దలు సామెత చెప్పిరి. నేడు కొందరు పెరటిచెట్టే సర్వరోగనివారిణి యనుచున్నారు. రెండు మాటలును పరీక్షింపక చెప్పినవే. పెరటిచెట్టు మందునకు పనికివచ్చునో లేదో తెలియవలెనన్నచో, దాని ఆకు కోసినవాడును దాని గుణము తూచినవాడును ఒకే రోగి పడకయొద్ద నిలిచి మాటలాడుకొనవలెను. వారిని అచ్చటికి చేర్చగలవారు ప్రభుత్వములు కావు, పండితులు కారు. మౌనము విడిచిన గృహస్థులును గృహిణులును మాత్రమే.